ఖాళీ డబ్బా మీద రెండు అక్షరాలు

పోచమ్మ మైదాన్ల మా మూలికల దుకాణం మూడు తరాలది.
తాత పెట్టిన రేకు డబ్బాల మీద ఉర్దూ,
నాయిన అతికిచ్చిన చీటీల మీద తెలుగు,
నా వంతుకు మిగిలింది ధరలు దిద్దుడే.
కరక్కాయ. తానికాయ. అశ్వగంధ. ఎండిన మోదుగుపూలు.
దగ్గుకు, దద్దుర్లకు, పొద్దుగాల వంగని మోకాళ్లకు
చెయ్యి దానంతట అదే పోతది డబ్బా మీదికి.

మిర్చి సీజన్ల ఒక మాపటేళ
సుప్రజ వచ్చింది,
ఎనుమాముల యార్డుల కాంటా పట్టే సమ్మయ్య బిడ్డ.
కున్మింగ్‌ల డాక్టరు సదివి వచ్చి
ఇక్కడి పరీక్ష మూడుసార్లు రాసి
ఇప్పుడు హన్మకొండ ల్యాబుల
నెత్తురు సీసాలకు పేర్లు అతికిస్తది.
"కాకా, హెహువాన్ చెక్క ఉంటదా?"
నా డెబ్బై రెండు డబ్బాలు
ఒకదాని మొఖం ఒకటి చూసుకున్నయి.

అక్కడ ఒక చెట్టుంటదట.
గులాబి కుచ్చుల పూలు,
ఎవరో పట్టు వడుకుతు వడుకుతు
మధ్యల లేచిపోయినట్టు.
పువ్వేమో నిద్ర వట్టనోళ్లకు.
చెక్కేమో రొమ్ముల గడ్డకట్టిన దుఃఖానికి,
కోపం మింగి మింగి మాట పడిపోయినోళ్లకు.
విరిగిన బొక్కలకు కూడా అదే చెక్కట.
"బొక్కకూ దుఃఖానికీ ఒకటే మందా?" అన్న.
"వాళ్ల లెక్కల రెండూ నెత్తురు కదలకపోవుడే కాకా."
ఒక్కపూటల పనిచెయ్యదట,
నెలో రెండు నెలలో
సన్నమంట మీద మరగవెట్టుకుంట తాగాలె.

"ఎవరికి బిడ్డా?"
"బాపుకు. రాత్రంతా కాంటా లెక్కలు చదువుతడు,
కలవరింత కాదు, కండ్లు తెరిచే."

రోడ్డుకవతల చెట్టు చూపిచ్చిన.
నిద్రగన్నేరు.
కరెంటు తీగల కోసం ఒక దిక్కు నరికితే
ఇంకో దిక్కుకే వంగి పెరిగి
ఆటోల నెత్తిన పూలు రాలుస్తది.
"గిదే కదా?"
పోయి ఆకు తుంపి, వాసన చూసి, మర్లి వచ్చింది.
"దీని చుట్టమే. ఇది కాదు.
చుట్టం పేరు చెప్పి మందు ఇయ్యొద్దు కాకా."
మూడుసార్లు పరీక్ష పోయిన పిల్ల.
ఆ మాట వింటే మా తాత
గద్దె దిగి నిలబడేటోడు.

ఒక సంగతి నేను చెప్పలే.
పోయిన మంగళారం సమ్మయ్య వచ్చిండు,
కనుబొమ్మల నిండ మిరప దుమ్ము,
రెండు తుమ్ముల నడుమ అడిగిండు:
"పిల్లకు నిద్ర వట్టేది ఏమన్న ఉంటే ఇయ్యి.
నేనడిగిన అని చెప్పకు."
జటామాంసి పొట్లం కట్టిచ్చిన.
ఒకే రేకుల కింద ఇద్దరు
ఒకరి కోసం ఒకరు నిద్ర నటిస్తున్నరు.
ఒకరి రోగం ఇంకొకరి చెవుల వెయ్యొద్దని
గల్లాపెట్టె తాళం ఇచ్చిననాడు
తాత చెప్పిన మొదటి మాట.
గీ పొద్దు ఆ మాట నాలికె మీద
పచ్చి కరక్కాయ లెక్క వగరుగున్నది.

పోతపోత ఒక ఖాళీ డబ్బా అడిగింది.
ల్యాబు పెన్ను తీసి
దాని మీద రెండు చీనా అక్షరాలు రాసింది,
ఇల్లు కట్టినట్టు, గీత మీద గీత పెట్టుకుంట.
"ఒకటి కలిసి. ఇంకోటి సంతోషం."
దాని కింద నేను తెలుగుల రాసిన:
స్టాకు లేదు.
నవ్వింది. నవ్వితే
వాళ్ల నాయిన లెక్కనే ఎడమ చెంప సొట్టవడ్డది.

తెల్లారి పొద్దుగూకేటప్పుడు సమ్మయ్య.
అవతల చెట్టు ఆకులు
జతలు జతలు దగ్గరికి మూసుకుంటున్నయి.
పొట్లం అయిపోయిందో, పనిచెయ్యలేదో, అడగలే.
"గా డబ్బాల ఏముంది?"
"నీ బిడ్డ రాత" అన్న.

తీసి అరచేతుల పెట్టుకున్నడు,
ముప్పై ఏండ్లు కాంటా పట్టిన చెయ్యి,
కొంచెం లేపి, కొంచెం దించి, తూచిండు.
ఖాళీదే.
మస్తుసేపు కింద పెట్టలే.